మందులు మానేసినా దిగిపోతున్న షుగర్: 19 ఏళ్ళ కిందటి కాన్పు చెప్పిన కారణం

ఆమెకు 47 ఏళ్ళు. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, చుక్కలు చూశాక రెండు ముద్దలు తిని పడుకుంది. తెల్లవారుజామున నాలుగింటికి కొడుకు లేచి చూస్తే అమ్మ ఒళ్ళంతా చెమటతో తడిసి ఉంది, ఎంత పిలిచినా పలకడం లేదు. ఊళ్ళో ఆర్ఎంపీ వచ్చి వేలు గుచ్చి చూస్తే షుగర్ 34. గ్లూకోజ్ ఎక్కించి, ఆటోలో ఒంగోలు పంపించాడు. ఆ గ్లూకోజే ఆమె ప్రాణం నిలబెట్టింది.

మా దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తెరిచింది. షుగర్ 112. రెండు గంటలు గడిచాక మళ్ళీ 51. అప్పుడు నన్ను పిలిచారు. నేను హార్మోన్ జబ్బులు చూసే డాక్టరుని. ఈ కేసు రాయడానికి ఆమె, ఆమె కుటుంబం ఒప్పుకున్నారు. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఎనిమిదేళ్ళుగా ఆమెకు షుగర్ జబ్బు ఉంది. తండ్రికీ, అన్నకీ కూడా ఉంది. మెట్‌ఫార్మిన్, దానితోపాటు క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువ వదిలించే గ్లిమెపిరైడ్ వాడుతూ వచ్చింది. రెండేళ్ళ నుంచి షుగర్ తనంతట తనే తగ్గుతూ వచ్చింది. ముందు గ్లిమెపిరైడ్ సగం చేశారు, తర్వాత ఆపేశారు. నాలుగు నెలల కిందట మెట్‌ఫార్మిన్ కూడా ఆపేశారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.3. రోజూ పొద్దున్నే కాకరకాయ రసం తాగడం వల్లే షుగర్ పోయిందని ఇంట్లోవాళ్ళ నమ్మకం. ఇరుగుపొరుగు వచ్చి ఎలా చేసుకోవాలో అడిగి వెళ్ళేవారట.

వాళ్ళ సంతోషాన్ని నేను తప్పు పట్టను. కానీ డాక్టర్లుగా మనం అక్కడ ఆగి ఆలోచించాలి. బరువు తగ్గకుండా, తిండి మారకుండా, నడక పెరగకుండా షుగర్ పేషెంటుకి షుగర్ దిగిపోతుంటే అది శుభవార్త అనుకోకూడదు. ఒంట్లో ఇంకేదో పాడవుతోందని అర్థం.

మొదట చూడాల్సింది కిడ్నీలు. కిడ్నీలు దెబ్బతింటే ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు ఒంట్లోంచి త్వరగా బయటికి పోవు, షుగర్ దిగిపోతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆమెకు 0.9, మామూలే. కాలేయం పరీక్షలు బాగానే ఉన్నాయి. ఇంట్లో ఉన్న మందుల డబ్బా మొత్తం తెప్పించి ఒక్కొక్క స్ట్రిప్పు చూశాను. నిజం చెప్పాలంటే మొదటి గంటలో నా అనుమానం అంతా దానిమీదే. పాత గ్లిమెపిరైడ్ పొరపాటున వేసుకుందేమో అనుకున్నాను. ఆ డబ్బాలో అది లేదు.

షుగర్ 51 ఉన్నప్పుడే, మళ్ళీ గ్లూకోజ్ ఎక్కించే ముందు, నర్సు రక్తం తీసి పెట్టింది. ఆ నర్సుకి నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఆ ఒక్క సీసా రక్తం లేకపోతే తర్వాత ఎన్ని పరీక్షలు చేసినా అంత స్పష్టంగా తెలిసేది కాదు. అందులో ఇన్సులిన్ 1.1, దానితో పాటే క్లోమం వదిలే సీ-పెప్టైడ్ 0.3. రెండూ తక్కువే. అంటే క్లోమం చెప్పినట్టే వింటోంది, షుగర్ తగ్గగానే ఇన్సులిన్ ఆపేసింది. ఇన్సులినోమా, అంటే ఇన్సులిన్ పోసే క్లోమం గడ్డ కాదు, దొంగచాటు గ్లిమెపిరైడ్ కాదు. ఇన్సులిన్ లేకపోయినా షుగర్ పడిపోతోందంటే, దాన్ని పైకి లేపాల్సిన హార్మోన్లు పని చేయడం లేదన్నమాట.

పరీక్ష చేసేటప్పుడు ఆమెను పైనుంచి కిందికి మళ్ళీ చూశాను. బీపీ 88/58. ముఖం పాలిపోయి, నోటి చుట్టూ, కళ్ళ చివర సన్నటి ముడతలు. చంకల్లో వెంట్రుకలు అసలు లేవు. కనుబొమ్మలు పలచబడ్డాయి. మాట నెమ్మది, చలి ఎక్కువ. ఒంటి రంగు కూడా తేలింది. కొన్నేళ్ళుగా బంధువులు ఆ మాట మెచ్చుకోలుగా అంటున్నారట. రక్తంలో సోడియం 120, బాగా తక్కువ. పొటాషియం 4.1, మామూలే. హిమోగ్లోబిన్ 9.

కిడ్నీల మీద ఉండి కార్టిసాల్ అనే హార్మోను తయారు చేసే అధివృక్క గ్రంథులే దెబ్బతింటే, అంటే అడిసన్స్ జబ్బులో, ఒళ్ళు నల్లబడుతుంది, పొటాషియం పెరుగుతుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. పొటాషియాన్ని అదుపు చేసే హార్మోను ఆల్డోస్టెరాన్‌కి, మెదడు కింద ఉండి మిగతా గ్రంథుల్ని నడిపే పీయూష గ్రంథి (పిట్యూటరీ) ఆజ్ఞ పెద్దగా అవసరం లేదు, అది కిడ్నీల మాట వింటుంది. చర్మానికి నలుపు తెచ్చేది మాత్రం, కార్టిసాల్ తయారు చేయమని అధివృక్క గ్రంథులకి పీయూష గ్రంథి పంపే ఏసీటీహెచ్. రంగు తేలి, పొటాషియం మామూలుగా ఉందంటే లోపం పైన ఉంది, తలలో.

అప్పుడు అడిగాను, "అమ్మా, నీకు నెలసరి ఎప్పుడు ఆగింది?"

ఆమె కాసేపు ఆలోచించింది. "బాబు పుట్టాక మళ్ళీ రాలేదు మేడమ్. ఆపరేషన్ చేయించుకుంటే అట్లాగే అవుతుందేమో అనుకున్నాను."

బాబుకి ఇప్పుడు 19 ఏళ్ళు, డిగ్రీ చదువుతున్నాడు. తలుపు దగ్గర నిలబడి ఉన్నది అతనే.

"కాన్పు ఎక్కడ? నెత్తురు ఎక్కువ పోయిందా?"

ఈ ప్రశ్నకి ఆమె తోడికోడలు జవాబు చెప్పింది. కాన్పు ఇంట్లోనే, మంత్రసాని చేతిమీద. బిడ్డ పుట్టాక మాయ పడలేదు. పరుపు కింద చాప కూడా తడిసిపోయింది. స్పృహ తప్పితే ట్రాక్టరు మీద పట్నం తీసుకెళ్ళారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. మూడు రోజులకు కళ్ళు తెరిచింది.

"మరి పాలు పడ్డాయా?"

"పాలెక్కడివి మేడమ్? ఒక్క చుక్క పడలేదు. నాకప్పుడు చంటిపిల్ల ఉంది. వీడికీ నేనే పాలిచ్చి పెంచాను."

ఆ మాటతో నాకు జబ్బు పేరు తెలిసిపోయింది. షీహాన్ సిండ్రోమ్. మిగతావి నిర్ధారణ కోసం చేసిన పరీక్షలు.

గర్భంతో ఉన్నప్పుడు పీయూష గ్రంథి పెద్దదవుతుంది. పాలిచ్చేందుకు ప్రొలాక్టిన్ తయారు చేసే కణాలు పెరగడమే ప్రధాన కారణం. గ్రంథి పెరిగినంతగా రక్తసరఫరా పెరగదు. పైగా దాని ముందు భాగానికి రక్తం నేరుగా పెద్ద ధమని నుంచి రాదు, మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ మీదుగా వచ్చే తక్కువ ఒత్తిడి నాళాల్లోంచి వస్తుంది. కాన్పులో విపరీతంగా నెత్తురు పోయి బీపీ పడిపోతే ఆ ముందు భాగం చచ్చుబడిపోతుంది. వెనక భాగానికి వేరే దారి ఉంది కాబట్టి అది చాలావరకు బతికి బయటపడుతుంది. 1937లో ఇంగ్లండ్‌కి చెందిన హెరాల్డ్ షీహాన్ దీన్ని వివరంగా రాశారు. ఇంటి కాన్పులు బాగా తగ్గినా, అప్పుడు బతికి బయటపడిన తల్లులు ఇప్పుడు నలభై, యాభై, అరవై ఏళ్ళ వయసులో నీరసం, సోడియం తక్కువ, షుగర్ డౌన్ అంటూ మన వార్డుల్లోకి వస్తున్నారు. కాన్పు గురించి అడిగేవాళ్ళే తక్కువ.

మర్నాటి ఫలితాలు ఇవి. షుగర్ 51 ఉన్నప్పుడు తీసిన రక్తంలో కార్టిసాల్ 1.8. ఒళ్ళు అంత కష్టంలో ఉన్నప్పుడు అది 18 దాటాలి. థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 0.4, బాగా తక్కువ. టీఎస్‌హెచ్ 3.2. ప్రొలాక్టిన్ దాదాపు లేదు. ఈ వయసులో నెలసరి ఆగినవాళ్ళకి ఎంతో ఎక్కువ ఉండాల్సిన, పీయూష గ్రంథి అండాశయాలకి పంపే ఎఫ్ఎస్‌హెచ్ 4 మాత్రమే. గ్రోత్ హార్మోన్ సంగతి చెప్పే ఐజీఎఫ్-1 కూడా తక్కువ. ఎమ్మారైలో గ్రంథి ఉండాల్సిన గుంత ఖాళీ, లోపల నీరే ఉంది.

టీఎస్‌హెచ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఏడాది కిందట నీరసమని ఒకచోట చూపించుకుంటే "థైరాయిడ్ నార్మల్" అని రాసి పంపారు. అక్కడ చేసింది టీఎస్‌హెచ్ ఒక్కటే. ఆ అంకె మామూలుగానే ఉంది. కానీ టీఎస్‌హెచ్ అనేది పీయూష గ్రంథి థైరాయిడ్‌కి పంపే కబురు. కబురు పంపాల్సిందే పాడైతే ఆ అంకెని నమ్మి ఏం లాభం? ఫ్రీ టీ4 కూడా చేసి ఉంటే ఏడాది ముందే దొరికేది. అక్కడి డాక్టరుని నేను నిందించడం లేదు. ఖర్చు తగ్గించడానికి మనందరం టీఎస్‌హెచ్ ఒక్కటే రాస్తున్నాం. మనిషిని చూస్తే థైరాయిడ్ తక్కువున్నట్టు కనిపిస్తూ అంకె మామూలుగా ఉంటే, రెండోది తప్పకుండా రాయాలి.

ఇక షుగర్ ఎందుకు పడిపోయింది?

తిన్న కాసేపటికి షుగర్‌ని దించేది ఇన్సులిన్ ఒక్కటే. పైకి లేపేవి నాలుగు: గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిసాల్, గ్రోత్ హార్మోన్. మొదటి రెండూ నిమిషాల్లో పనిచేస్తాయి, కాలేయంలో దాచిన గ్లైకోజెన్‌ని కరిగిస్తాయి. చివరి రెండిటికి గంటలు పడుతుంది. కానీ ఉపవాసం సాగేకొద్దీ బరువంతా వాటిమీదే పడుతుంది. కాలేయంలో నిల్వ ఒక రోజుకి అటూఇటూగా సరిపోతుంది. అది తరిగాక కండరాల్లోని ప్రొటీన్ కరిగి అమైనో ఆమ్లాలుగా రావాలి, వాటితో కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారు చేయాలి. ఈ పనికి కార్టిసాల్ కావాలి. గ్రోత్ హార్మోన్ కొవ్వుని కరిగించి కండరాలకి ఇంధనంగా ఇస్తుంది, గ్లూకోజ్‌ని మెదడు కోసం మిగులుస్తుంది. ఏసీటీహెచ్ లేక కార్టిసాల్ లేదు, గ్రోత్ హార్మోన్ కూడా లేదు. ఆమెకు ఆ రెండు అండలూ ఒకేసారి పోయాయి. మామూలు రోజుల్లో మూడుపూటలా అన్నం తింటుంది కాబట్టి లోటు బయటపడలేదు. సోమవారం ఉపవాసంతో నిల్వ ఖాళీ అయింది. రాత్రి తిన్న రెండు ముద్దలు దాన్ని నింపలేకపోయాయి.

షుగర్ జబ్బు ముందెలా వచ్చిందని కొడుకు అడిగాడు. మంచి ప్రశ్న. నా అంచనా ఇది. కాన్పు తర్వాత మొదట పోయేవి తరచుగా గ్రోత్ హార్మోన్, ప్రొలాక్టిన్, నెలసరి హార్మోన్లు. గ్రోత్ హార్మోన్ లేకపోతే ఏళ్ళు గడిచేకొద్దీ పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటుంది, కండ తగ్గుతుంది. అసలే ఇంట్లో షుగర్ ఉన్న మనిషి. ఆ కొవ్వు వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయక షుగర్ వచ్చింది. చావగా మిగిలిన కొద్దిపాటి ఏసీటీహెచ్ కణాలు నెమ్మదిగా అరిగిపోయాక కార్టిసాల్ పడిపోయి, ఉన్న షుగర్ కూడా దిగడం మొదలైంది.

దీనికి వైద్యంలో ఒక పేరు ఉంది, హౌసే ఫినామినన్. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిర్స్‌కి చెందిన బెర్నార్డో హౌసే 1930 ప్రాంతంలో క్లోమం తీసేసిన కుక్కలకి పీయూష గ్రంథి కూడా తీసేసి చూశారు. క్లోమం లేని కుక్కకి తీవ్రమైన షుగర్ రావాలి. రెండూ తీసేస్తే షుగర్ బాగా తేలికపడింది, కానీ ఆ కుక్కలు కాస్త పస్తుంటే చాలు షుగర్ డౌన్ అయి పడిపోయేవి. ఇన్సులిన్ కనిపెట్టి అప్పటికి పదేళ్ళు కాలేదు. షుగర్ అంటే క్లోమం ఒక్కటే అని అందరూ అనుకుంటున్న రోజులు. 1947లో శాస్త్రవేత్తలైన కోరి దంపతులతో పాటు ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. 1953లో డెన్మార్క్ డాక్టరు పౌల్సెన్, కాన్పు తర్వాత పీయూష గ్రంథి దెబ్బతిన్న ఒక షుగర్ పేషెంటుకి కంటి రెటీనా జబ్బు కూడా వెనక్కి తగ్గిందని రాశారు. ఆ ఆశతో, లేజర్ చికిత్స వచ్చేదాకా, చూపు పోతున్న షుగర్ పేషెంట్లకి పీయూష గ్రంథి తీసేసే ఆపరేషన్లు కూడా చేశారు. ఆ పేషెంట్లు తర్వాత జీవితాంతం ఎంత ప్రమాదంలో బతికి ఉంటారో, ఈమెను చూశాక నాకు బాగా అర్థమైంది. మా పేషెంటు రెటీనా మాత్రం మొదటినుంచీ శుభ్రంగానే ఉంది.

చికిత్స ఫలితాల కోసం ఆగలేదు. కార్టిసాల్ పరీక్షకి రక్తం వెళ్ళగానే, కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరానికి ఇచ్చి, తర్వాత ఆరు గంటలకొకసారి 50 చొప్పున ఇచ్చాం. గ్లూకోజ్, సెలైన్ కూడా పెట్టాం. సాయంత్రానికి బీపీ 108/70. ఆ రాత్రి షుగర్ మళ్ళీ దిగలేదు.

మాకు టెన్షన్ పెట్టింది సోడియం. కార్టిసాల్ లేనప్పుడు ఒళ్ళు నీటిని పట్టి ఉంచుకుంటుంది. స్టెరాయిడ్ పడగానే ఆ నీరంతా ఒక్కసారిగా మూత్రంగా పోయి సోడియం వేగంగా పెరుగుతుంది. ఒక రోజులో 8 నుంచి 10 దాటి పెరిగితే మెదడులోని నరాల పొర దెబ్బతిని మాట, నడక పోవచ్చు. నాలుగు గంటలకొకసారి సోడియం చూస్తూ, మూత్రం కొలుస్తూ, సెలైన్ తగ్గిస్తూ వెళ్ళాం. మొదటి 24 గంటల్లో 120 నుంచి 127కి వచ్చింది. మూడో రోజుకి 134.

థైరాయిడ్ మాత్ర నాలుగో రోజు దాకా మొదలుపెట్టలేదు. ముందుగా అది ఇస్తే ఒంట్లో జీవక్రియల వేగం పెరిగి, ఉన్న కొద్ది కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోతుంది. మనిషి షాక్‌లోకి వెళ్ళవచ్చు. స్టెరాయిడ్ ముందు, థైరాక్సిన్ తర్వాత. ఈ వరుస తప్పకూడదు. 25 మైక్రోగ్రాములతో మొదలై ఇప్పుడు 75 మీద ఉంది. డోసు చూసుకునేది ఫ్రీ టీ4తో, టీఎస్‌హెచ్‌తో కాదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు హైడ్రోకార్టిసోన్ నిద్ర లేవగానే 10, మధ్యాహ్నం 5, సాయంత్రం 2.5 మిల్లీగ్రాములు రాశాం. ఆ ఊరి మందుల షాపులో ఈ మాత్ర దొరకదు. రెండు నెలలకు సరిపడా ఇచ్చాం. అయిపోయి దొరకకపోతే ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి వేసుకోవాలనీ, ఒక్క రోజు కూడా మానకూడదనీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం.

మూడు వారాల తర్వాత వాళ్ళు కోపంగా వచ్చారు. పరగడుపు షుగర్ 128, మధ్యాహ్నం తిన్నాక 264. భర్త కాగితం బల్లమీద పెట్టి అన్నాడు, "మేడమ్, పోయిన షుగర్‌ని మీ మాత్రలు మళ్ళీ తెచ్చాయి. ఆపేద్దామా?"

ఇలాంటి చోట పేషెంటుని పోగొట్టుకుంటాం. మాత్రలు ఆపేస్తే ఇంకో ఉపవాసానికో, ఇంకో జ్వరానికో ఆమె లేవదు. అరగంట కూర్చుని చెప్పాను. షుగర్ ఎప్పుడూ పోలేదు, దాన్ని పైకి లేపే హార్మోను లేక కనపడకుండా ఉంది, ఆ హార్మోను తిరిగి వచ్చింది కాబట్టి అసలు షుగర్ ఎంతో ఇప్పుడు తెలిసింది అని. తోడికోడలుకి ముందుగా అర్థమైంది. "అంటే చెరువు ఎండితే చేపలు లేవనుకున్నట్టు" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

స్టెరాయిడ్ వేసుకునేవాళ్ళకి షుగర్ ఎక్కువగా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పెరుగుతుంది, తెల్లవారుజామున తగ్గుతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. అందుకే భోజనం తర్వాతి షుగర్, అప్పుడప్పుడు తెల్లవారుజామున మూడింటి షుగర్ చూడమన్నాం. మెట్‌ఫార్మిన్ మళ్ళీ మొదలుపెట్టి, లినాగ్లిప్టిన్ కలిపాం. గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ లాంటివి ఈమెకు ఎప్పటికీ వద్దని ఫైలు మీదే రాశాం. నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ 7.1. అప్పుడు హిమోగ్లోబిన్ కూడా 11కి వచ్చింది. రక్తహీనత ఉన్నప్పుడు ఆ అంకె అంత నమ్మదగింది కాదు కాబట్టి ముందున్న 5.3ని కూడా నేను పూర్తిగా లెక్కలోకి తీసుకోను. గ్రోత్ హార్మోన్ ఇవ్వలేదు. ఖర్చు చాలా ఎక్కువ, పైగా అది షుగర్‌ని ఇంకా పెంచగలదు.

ఇదే గ్రంథి ఎక్కువ పనిచేస్తే కథ తలకిందులవుతుంది. అదే ఏడాది ఒక లారీ డ్రైవరు వచ్చాడు, 41 ఏళ్ళు, లావు కాదు, రోజుకి 90 యూనిట్ల ఇన్సులిన్ పొడుస్తున్నా షుగర్ 300 కిందికి రావడం లేదు. డోసు పెంచుకుంటూ పోయారు తప్ప చేతులు చూసినవాళ్ళు లేరు. పెళ్ళి ఉంగరం కోయించి తీయించాడు, చెప్పుల సైజు 8 నుంచి 10కి పెరిగింది, కింది దవడ ముందుకొచ్చింది. పీయూష గ్రంథిలో గడ్డ గ్రోత్ హార్మోన్ పోస్తోంది, అక్రోమెగలీ. ముక్కులోంచి ఆపరేషన్ చేసి గడ్డ తీశాక వారంలోనే ఇన్సులిన్ తగ్గించాల్సి వచ్చింది. మూడు నెలలకి మెట్‌ఫార్మిన్ ఒక్కటే మిగిలింది. ఏసీటీహెచ్ ఎక్కువై కార్టిసాల్ పెరిగే కుషింగ్స్ జబ్బులో కూడా షుగర్, బీపీ, పొట్టమీద ఊదారంగు చారలు కలిసి వస్తాయి. షుగర్ ఉన్నట్టుండి మొండికేసినా, ఉన్నట్టుండి మాయమైనా చూడాల్సిన చోట్లలో ఒకటి తల లోపలే ఉంది.

మా ఓపీలో ఇప్పుడు నలభై దాటిన ప్రతి ఆడమనిషి షుగర్ ఫైలులో మూడు ప్రశ్నలు చేర్చాం. ఆఖరి కాన్పులో నెత్తురు ఎక్కువ పోయిందా, పాలు పడ్డాయా, నెలసరి మళ్ళీ వచ్చిందా. ఒక్క నిమిషం కూడా పట్టదు. ఆమెను 19 ఏళ్ళలో ఎంతమంది చూసి ఉంటారో. ఆ నిమిషం ఎవరికీ దొరకలేదు.

మొన్న వర్షాకాలంలో ఆమెకి జ్వరం వచ్చింది. కొడుకు ఫోన్ చేసి అడగకముందే చెప్పాడు, "మేడమ్, 102 ఉంది, స్టెరాయిడ్ మాత్ర డబుల్ చేశాను, వాంతులైతే వేయడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఫ్రిజ్ పక్కన పెట్టుకున్నాను, ఎలా చేయాలో నాకు తెలుసు." మూడు రోజులు షుగర్ 200 దాటింది. నాలుగో రోజు జ్వరం తగ్గాక మామూలు డోసుకి వచ్చాడు, షుగర్ కూడా దిగింది. కార్తీకం వస్తోంది కదా, సోమవారాలు ఏం చేయాలని ఫోన్ పెట్టేముందు ఆమె అడిగింది. స్టెరాయిడ్ మాత్రలు మూడు పూటలా వేళకి వేసుకోమనీ, పాలు, పండ్లు మధ్యమధ్యలో తీసుకోమనీ, కటిక ఉపవాసం మాత్రం వద్దనీ చెప్పాను. ఆమె బదులు ఆ ఉపవాసం తోడికోడలు ఉంటుందట.